జేబు లేని వాళ్ల చాకులు

మడతచాకు అంటే ప్రాణం పెట్టే మగవాళ్లు లోకమంతా ఉన్నారు. మా తమ్ముడూ వాళ్లలో ఒకడు. పొద్దున ఇంట్లోంచి బయటికి పోయేముందు ఫోను, బండి తాళం, పర్సు, వాటితో పాటు ఒక చిన్న చాకు జేబులో పడాల్సిందే. వాడి దోస్తులదీ అదే పిచ్చి. కలిసినప్పుడల్లా ఎవరి చాకు వాళ్లు తీసి అరచేతిలో పెట్టి చూపించుకుంటారు. పిడి ఏ కర్రతో చేసింది, బ్లేడు ఎన్ని అంగుళాలు, ఎవరి దగ్గర కొన్నారు, ఏ రాయి మీద నూరారు... గంటలు గంటలు ఇవే మాటలు. కొత్త చాకు కంటే వాడి వాడి మరకలు పడ్డ చాకుకే వాళ్లలో గౌరవం ఎక్కువ. నాకు ఆ ముచ్చట నచ్చుతుంది. రోజూ చేతిలో ఆడే వస్తువు మీద ప్రేమ ఉండటం మంచి గుణమే.

ఒకసారి అడిగాను, "మరి ఆడవాళ్ల చాకులు ఎవరూ చూపించరేందిరా?" అని.

"ఆడోళ్లు చాకు ఏడ పెట్టుకుంటరక్కా? జేబుంటే గదా!" అన్నాడు.

నవ్వుతూ అన్నా, వాడన్నది నిజమే. జేబు చాకు చరిత్ర అంటే సగం జేబు చరిత్రే. చీరకి జేబు లేదు, రవికకి జేబు లేదు. మన అమ్మమ్మలు డబ్బులు కొంగున ముడేసుకున్నారు, తాళాలు బొడ్లో దోపుకున్నారు, మందుచీటీ రవికలో దాచుకున్నారు. మరి కత్తి? అదీ వాళ్ల దగ్గర ఉంది. రోజూ ఉంది. కాకపోతే దాన్ని ఎవరూ చాకు అనలేదు. అసలు 'చాకు' అన్న మాటే పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. మన ఆడవాళ్ల చేతిలో ఉన్నవాటికి వేరే పేర్లున్నాయి. వాటి గురించి రాయాలనిపించింది.

ముందు మగవాళ్ల చాకుల సంగతి కొంచెం చెప్పుకుందాం. ఫ్రాన్స్‌లో సావోయ్ అనే కొండప్రాంతం ఉంది. అక్కడ 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు చెక్కపిడితో ఒక మడతచాకు చేశాడు. రైతులు రొట్టె, జున్ను కోసుకోవడానికీ, ద్రాక్షతీగ కత్తిరించడానికీ చేసిన చవక చాకు అది. ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారు. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల పని మొదలుపెట్టి, 1891లో తమ దేశ సైన్యానికి చాకులు ఇచ్చాడు. 1897లో చేసిన ఆఫీసర్ల చాకుతో పేరు ప్రపంచమంతా పాకింది. చాకు, డబ్బా మూత తీసేది, స్క్రూడ్రైవరు అన్నీ ఒకే పిడిలో మడిచి పెట్టే ఎర్రచాకు మనమూ చూశాం. దాని కంపెనీ పేరు విక్టోరినాక్స్. అందులో 'విక్టోరియా' ఎవరనుకున్నారు? మహారాణి కాదు, ఎల్సెనర్ వాళ్లమ్మ. 1909లో ఆమె పోయాక కొడుకు తన సరుకుకి తల్లి పేరు పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వచ్చాక, ఆ ఉక్కుకి ఫ్రెంచిలో వాడే 'ఇనాక్స్' అన్న మాట దానికి కలిసింది. సిపాయిల జేబుల్లో తిరిగిన చాకు మీద ఒక తల్లి పేరుంది. ఆ జేబుల వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

మన ఉత్తరాన రామ్‌పూర్ చాకు ఉంది. పాత హిందీ సినిమాల్లో విలన్ టక్కున తెరిచే చాకు అదే. 2023లో రామ్‌పూర్ ఊళ్లో ఒక కూడలిలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టి, ఆ కూడలికి చాకు చౌక్ అని పేరు కూడా పెట్టారు. మగవాడి చాకుకి సినిమా ఉంది, కూడలి ఉంది, విగ్రహం ఉంది.

ఇక మన సంగతి. మాది డోంగ్లి. పాత నిజామాబాద్ జిల్లాలో మద్నూరు మండలం కింద ఉండేది. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చాం, 2022లో మాకే మండలం అయింది. ఊరు దాటి కొంచెం పోతే మహారాష్ట్ర, ఇంకో దిక్కు కర్ణాటక. ఈ పాత జిల్లా మట్టికి కత్తితో చాలా పెద్ద సంబంధం ఉంది. నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం అని ఒక ఊరుంది. ఆ దగ్గర్లోనే కమ్మర్‌పల్లి అని పేరున్న ఊరూ ఉంది. ఈ కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారంటే నమ్ముతారా? హెన్రీ వాయ్‌సీ అనే ఇంగ్లీషు వైద్యుడు, సర్వే పనిలో ఈ ప్రాంతాలన్నీ తిరిగి, అక్కడ ఉక్కు చేసే విధానం కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో అది కలకత్తాలో అచ్చయింది. అంతకంటే ముందే, 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కూడా గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియాకి పోవడం గురించి రాశాడు. డమాస్కస్ కత్తులు అని లోకం పొగిడిన నీటిచారల కత్తులకి కావలసిన ఉక్కు ఇలా మన దక్కను నుంచి పోయిందే.

ఎట్లా చేసేవారంటే, వరి ఊక కలిపిన మట్టితో చిన్న మూసలు చేసి, అందులో ఇనుము ముక్కలు పెట్టి, మూత బిగించి, కొలిమిలో కాల్చి, చాలా నిదానంగా చల్లార్చేవారు. ఆ నిదానంలోనే చారలు పుట్టేవి. ఈ ఉక్కుని యూరప్ వాళ్లు 'ఊట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే వాళ్ల నోట్లో అలా అయిందని పండితులు చెప్తారు. కరెంటు శాస్త్రంలో మనం చదువుకున్న మైకేల్ ఫారడే కూడా కుర్రతనంలో ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. తర్వాత ఇంగ్లండు నుంచి చవక ఉక్కు ఓడల మీద దిగింది, మన మూసలు చల్లారిపోయాయి. ఇప్పుడు మా వైపు కమ్మరి లారీ కమాను పట్టీలు కొని తెచ్చి కొడవళ్లు, కత్తులు కొడతాడు.

నేను చిన్నప్పుడు కొలిమి దగ్గర నిలబడి చూసేదాన్ని. ఎర్రటి ఇనుముని పట్టుకారుతో పట్టింది కమ్మరే. కానీ తిత్తి ఊదింది ఆయన భార్య. సమ్మెట ఎత్తి కొట్టింది కూడా ఆమే. కత్తి చేసింది ఎవరని అడిగితే ఊరంతా ఆయన పేరే చెప్తారు. కోనసముద్రం కొలుముల దగ్గర మట్టి తొక్కిందెవరు, ఊక చెరిగిందెవరు, బొగ్గు మోసిందెవరు అని నాకు అప్పటినుంచీ అనుమానం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకి పచ్చరాళ్ల గది గుర్తుండే ఉంటుంది. అక్కడ జహంగీర్ పేరున ఒక బాకు, నూర్జహాన్ పేరున పండ్లు కోసే ఒక చాకు ఉన్నాయి. భర్తది బాకు, భార్యది పండ్ల చాకు. ఆ నూర్జహాన్ పులులను వేటాడిన మనిషి, తన పేర నాణేలు కొట్టించుకున్న మనిషి. అయినా అద్దాల వెనక ఆమె చేతికి మిగిలింది పండ్ల చాకే. నాకది చిన్నతనంగా అనిపించలేదు. కనీసం ఆమె చాకుకి ఒక అద్దాల పెట్టె దొరికింది అనుకున్నాను. మా అమ్మమ్మ అడకత్తెరకి అదీ లేదు.

అవును, మన ఆడవాళ్ల అసలైన మడతచాకు అడకత్తెర. మా అమ్మమ్మ నడుముకి ఎప్పుడూ ఒక చంచి ఉండేది. గుడ్డతో కుట్టిన అరల సంచి, మడిచి తాడు చుట్టేది. ఒక అరలో ఆకులు, ఒకదాంట్లో వక్కలు, సున్నం కాయ ఒక మూల, కాసు ఒక మూల. నడిమధ్య ఇనుప అడకత్తెర. మా మూడు భాషల సరిహద్దులో ఈ వస్తువుకి పేరు మారదు, పలకడం మారుతుందంతే. మనం అడకత్తెర అంటే మరాఠీవాళ్లు అడకిత్తా అంటారు, కన్నడంవాళ్లు అడకత్తరి అంటారు. కన్నడంలో అడికె అంటే వక్కే. సంతలో ముగ్గురు ముసలమ్మలు మూడు భాషల్లో మాట్లాడుకుంటూ ఒకే అడకత్తెరతో వక్క కత్తిరించుకోవడం నేను చూశాను.

వక్క ఒక్కటేనా? దారం తెంపాలన్నా, ఎండు కొబ్బరి ముక్కలు చేయాలన్నా, గడ్డకట్టిన బెల్లం పగలగొట్టాలన్నా, మందుసీసా మూత రాకపోయినా అమ్మమ్మ చెయ్యి చంచిలోకే పోయేది. ఆ స్విట్జర్లాండ్ చాకు చేసే పనుల్లో సగం అదే చేసేది. ఇంకో పని కూడా చేసేది. నీళ్ల దగ్గరో గట్టు దగ్గరో మాటా మాటా అనుకున్న ఇద్దరు ఆడవాళ్లు నాలుగు రోజులు మొహం తిప్పుకుని తిరిగాక, ఒకామె చంచి విప్పి వక్క రెండు ముక్కలు చేసి ఒక ముక్క చేతిలో పెట్టేది. అంతే, పంచాయితీ తెగిపోయినట్టే. కత్తి స్నేహాన్ని కోస్తుందని యూరప్‌లో ఒక నమ్మకం. అందుకే చాకు బహుమతిగా తీసుకున్నవాళ్లు ఒక చిల్లర నాణెం తిరిగి ఇస్తారు, కొన్నట్టు లెక్క. మనమూ కత్తి, కత్తెర చేతికి చేతికి ఇవ్వం, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. కానీ అడకత్తెర కోసిన వక్క మాత్రం తెగినవాళ్లని కలిపింది.

'అడకత్తెరలో పోకచెక్క' అని మనకో సామెత ఉంది. తల్లికీ పెళ్లానికీ మధ్య నలిగే కొడుకుని, అత్తింటికీ పుట్టింటికీ మధ్య నలిగే కోడలిని చూసి అంటాం. ఎప్పుడూ ఆ ఇరుక్కున్న చెక్క గురించే మాట. అడకత్తెర పట్టుకున్న చెయ్యి ఎవరిదో సామెతలో లేదు. ఇంట్లో అది అమ్మమ్మ చెయ్యి. వక్కని ఎంత సన్నగా, ఎన్ని ముక్కలు చేయాలో, ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చేది ఆమే.

వక్క మంచిదని ఎవరికీ చెప్పబోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. అమ్మమ్మ తరం అలవాటు అక్కడితో ఆగడమే మేలు. కానీ అలవాటుతో పాటు వస్తువునీ పారేయాలా? మా చిన్నమ్మ అమెరికాలో కూతురి కాన్పుకి పోతూ, అమ్మమ్మ అడకత్తెరని చేతిసంచిలో పెట్టుకుంది. విమానాశ్రయంలో తనిఖీవాళ్లు తీసి పక్కన పెట్టేశారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు, పదునున్నదేదీ చేతిసంచిలో పోకూడదని నియమం. "ఇది కత్తి కాదు సారూ, మా అమ్మది" అని ఆమె అన్నదట. సాగనంపడానికి వచ్చిన మేమంతా అప్పటికే బండెక్కి వచ్చేశాం. చేతికి తీసుకునే మనిషి లేక అది అక్కడే ఉండిపోయింది. అక్కడ మనవడిని ఎత్తుకున్న సంతోషంలో కూడా, ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మది పోగొట్టిన" అని ఒక మాట అంటూనే ఉండేది. పెద్ద బ్యాగులో పెడితే పోయేది కదా అని ఇప్పుడు మనం అనుకుంటాం. కానీ డెబ్భై ఏళ్లుగా నడుముకి ఉన్నదాన్ని ఎవరైనా పెద్ద బ్యాగులో పెడతారా?

మా వైపు మగవాళ్ల కత్తులకి మర్యాద ఎక్కువే. పెళ్లికొడుకు చేతికి కొసన నిమ్మకాయ గుచ్చిన కటారు ఇస్తారు. పెళ్లయ్యేదాకా అది చేతిలోనే ఉండాలి. జీవితంలో ఇంకెప్పుడూ కత్తి పట్టనివాడు కూడా ఆ రోజు రాజులా పట్టుకుని ఫొటో దిగుతాడు. గౌడ కులస్తుల గీతకత్తి సంగతి వేరు, అది ఫొటో కోసం కాదు. మోకుముత్తాదు కట్టి, నడుముకి కత్తి పెట్టుకుని, తాటిచెట్టు ఎక్కి దిగేదాకా భార్య గుండె చేతిలో పెట్టుకుని ఉంటుంది. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రత సామాను ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు మీది కత్తి కంటే కింద ఉన్న మనిషికే దానితో ఎక్కువ ధైర్యం వచ్చి ఉంటుంది.

ఆడదాని బతుకుతెరువు కత్తి చూడాలంటే మాత్రం కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో బీడీలు చేసే ఇళ్లకి పోవాలి. మా పెద్దమ్మది కామారెడ్డి దగ్గర పల్లె. చాటలో తునికాకు, తంబాకు, దారం, రేకు ముక్క, ఒక చిన్న కత్తెర. రేకు పెట్టి కొలతకి ఆకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. 25 అయితే ఒక కట్ట. రోజుకి వెయ్యి బీడీలు చేస్తే గాని చెయ్యి తిరిగినట్టు కాదు. వెయ్యి బీడీలంటే ఆ కత్తెర వెయ్యి ఆకులు కోయాలి. ఆమె ఎక్కడికి పోయినా చాటా, కత్తెరా వెంటే పోయేవి. పక్కింటి అరుగు మీదికి, చుట్టాలింటికి, బిడ్డ పురుడు పోసే ఇంటికి కూడా. బొటనవేలికి కత్తెర ఒరుసుకుని కాయ కాసి గట్టిపడి ఉండేది. మా తమ్ముడి చాకు మరకలు చూసినప్పుడల్లా నాకు ఆ వేలు గుర్తుకొస్తుంది. వాడి వాడి మరక పడ్డది ఇక్కడ ఇనుము కాదు, మనిషి.

ఆ కత్తెరకి ఒక చట్టం చరిత్ర ఉంది. బీడీ, చుట్ట కార్మికుల పని షరతుల చట్టం 1966లో వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసినా ఆమె కార్మికురాలే అని కాగితం మీద ఒప్పుకున్నారు. తెలంగాణ వచ్చాక 2015 నుంచి పి.ఎఫ్. ఖాతా ఉన్న బీడీ కార్మికులకి నెలకి 1000 రూపాయల పింఛను ఇచ్చారు, 2019లో అది 2016 రూపాయలైంది. మా పెద్దమ్మకి ఆ ఖాతా ఉంది. ఆమె కంటే రెండింతలు బీడీలు చేసిన పక్కింటామెకి లేదు. ఆమె చేసిన బీడీలు ఇంకొకరి కార్డు మీద జమ అయ్యేవి. ఇద్దరి కత్తెరలూ ఒకేలా అరిగాయి. ఒకామె అరుగుదలకి లెక్క ఉంది, ఇంకొకామెకి లేదు. తంబాకు దుమ్ముకి దగ్గు మాత్రం ఇద్దరికీ ఉంది.

డోంగ్లి చుట్టుపక్కల పొలాల్లో కొడవలి సంగతీ ఇంతే. సోయా కోతకి పోయే ఆడవాళ్లు ఎవరి కొడవలి వాళ్లే తెచ్చుకోవాలి. కక్కులు అరిగితే కమ్మరి దగ్గరికి పోయి పెట్టించుకునే ఖర్చూ వాళ్లదే. ఇంటికొచ్చాక చూరులో దోపుతారు, పిల్లల చేతికి అందకుండా. ఒకరి కొడవలి ఒకరు పట్టరు. పిడి మీద ఎవరి వేళ్ల గుంటలు వాళ్లకే కుదురుతాయి. చాకుల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇదే మాట గొప్పగా చెప్పుకుంటారు కదా, తన చేతికి అలవాటైన చాకు అని!

మన ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని నియమాల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటిపనికీ, వ్యవసాయానికీ, శాస్త్రానికీ, పరిశ్రమకీ చేసినవి మాత్రం రావు. చట్టం చేసినవాళ్లు మనల్ని తలుచుకుని రాయలేదు గాని, మన కత్తులన్నీ ఆ మినహాయింపులోనే ఉన్నాయి. కత్తిపీట, కొడవలి, అడకత్తెర, బీడీ కత్తెర. వాటికి లైసెన్సు అక్కర్లేదు. మంచిదే. లెక్క కూడా అక్కర్లేదనుకోవడమే బాధ.

ఇంకొక్క కత్తి గురించి చెప్పాలి. అందరికంటే ముందు మనల్ని తాకిన కత్తి, బొడ్డు కోసిన కత్తి. ఇళ్లలో కాన్పులైన రోజుల్లో మంత్రసాని చేతికి ఏది అందితే అది, కొడవలో, చాకో, బ్లేడో. ఆ తుప్పు, ఆ మట్టి వల్ల ఎందరు పసిబిడ్డలు ధనుర్వాతంతో వారం తిరక్కుండా పోయారో మన ముసలివాళ్లని అడగండి. 'పిట్టజబ్బు', 'గాలి' అని ఏవేవో పేర్లు చెప్పి ఏడ్చి ఊరుకున్నారు. తర్వాత మంత్రసానులకి శిక్షణ ఇచ్చి, ఐదు శుభ్రాలు నేర్పారు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు శుభ్రం. గర్భిణులకి టీకాలు వచ్చాయి, ఆస్పత్రి కాన్పులు పెరిగాయి. 2015లో మన దేశం బాలింతల, పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఏ యుద్ధంలో ఏ కత్తి గెలిచిందో పుస్తకాల్లో ఉంటుంది. కాగితంలో చుట్టిన ఒక కొత్త బ్లేడు ఇంతమంది తల్లుల ఒడి నింపింది, దాన్ని మాత్రం పని అయ్యాక చెత్తలో పారేశారు. పారేయాల్సిందే, అదే దాని శుభ్రం. కానీ గుర్తు పెట్టుకోవాల్సింది కూడా.

ఈ మధ్య పాత ఇనుము కొనేవాళ్లు వస్తే అటక మీది సామాన్లు ఇచ్చేసి ప్లాస్టిక్ టబ్బు తీసుకోవడం అలవాటైపోయింది. కత్తిపీటలు పోతున్నాయి, అడకత్తెరలు పోతున్నాయి. ఇనుము బరువు ఎంతో అంతే వాటి ధర. మీ ఇంట్లో ఒకటి మిగిలి ఉంటే ఒకసారి కిందికి దించి చూడండి. చింతపండుతో రుద్ది, రెండు చుక్కల నూనె వేయండి. అది ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది, ఏం కోసింది అని ఇంట్లో పెద్దావిడ ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

దసరాకి మన ఇళ్లలో పనిముట్లకి పూజ చేస్తాం. బండికి, ట్రాక్టరుకి, దుకాణం తరాజుకి బొట్టు పెడతాం. మా ఇంట్లో పోయిన దసరా నుంచి ఆ వరసలో నా కూరగాయల చాకు, అత్తమ్మ కొడవలి కూడా ఉన్నాయి. పెద్దమ్మ ఇప్పుడు బీడీలు మానేసింది, చూపు ఆనడం లేదు. ఆమె కత్తెర నాకిమ్మని అడిగాను. "అరిగిపోయింది బిడ్డా, ఏం చేస్కుంటవ్?" అంది గానీ, మరునాడు కొంగుకి తుడిచి గుడ్డలో చుట్టి పంపింది. వచ్చే దసరాకి దానికి మొదటి బొట్టు.